ఆయన ఎక్స్‌రే ముక్కలు వెతికిన రోజులు

బండి ముందు షాకబ్జర్ కారుతుందో లేదో చూడడానికి మా ఆయన ఏ సామానూ పట్టేవాడు కాదు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, మెరిసే పైపు మీద చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కసారి గీసేవాడు. వేలికి నూనె అంటితే లోపల సీలు పోయినట్టు. అంటకపోతే "మంచిగ నడిపిన్రు సార్ బండి" అని మెచ్చుకుని పంపేవాడు. ఆ వేలు ఎంత కడిగినా నల్లగానే ఉండేది. పెళ్లిళ్లలో భోజనానికి కూర్చుంటే ఆ ఒక్క వేలు ముడుచుకుని తినేవాడు.

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ వేలి దగ్గర మొదలుపెట్టాను. అసలు రాయాలనుకున్నది ఆయన ఊపిరితిత్తిలో కనిపించిన మచ్చ గురించి. ఆ మచ్చ పాతదా, కొత్తదా? అప్పుడు మాకు తేలాల్సింది అదొక్కటే. అది తేలకుండా మా పనే అడ్డం వచ్చింది. అందుకని ముందు పని గురించి చెప్పాలి.

మా షెడ్డు నాంపల్లి స్టేషన్‌కూ అబిడ్స్‌కూ మధ్య ఒక సందులో ఉంది. సందులో అందరూ మెకానిక్‌లే. మా ఎదురుగా ఇంజిన్లు విప్పే చాచా, పెద్దాయన. మా పక్కన పంక్చర్లు వేసే అతను, మా ఆయనకు తమ్ముడి వరస పెట్టుకున్నాడు. పొద్దున కోర్టు గుమాస్తాలు, అబిడ్స్ దుకాణాల్లో పనిచేసేవాళ్లు బండ్లు వదిలిపోతారు, సాయంత్రం తీసుకుపోతారు. మాకు పిల్లలు లేరు. ఆయనకు బరువులెత్తే బలం తగ్గాక, సద్ది తెచ్చి ఇచ్చి పోయేదాన్ని కాస్తా అక్కడే ఉండిపోయాను. కిరసనాయిల్లో సామాన్లు కడగడం, చక్రం పట్టుకోవడం, పానాలు అందించడం. మొదట్లో సందంతా నవ్వింది. తర్వాత తర్వాత "వదినా, మీ పదమూడు నంబరు పానా జర ఇటియ్యి" అని నన్నే అడగడం మొదలుపెట్టారు.

షాకబ్జర్ అని అందరూ అంటారు, ఆయన మాత్రం ఫోర్కు అనేవాడు. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్లు అవి. పై పైపు కింది గొట్టంలోకి దిగుతూ లేస్తూ ఉంటుంది. గొట్టంలో నూనె. ఆ నూనె బయటికి రాకుండా గొట్టం మూతి దగ్గర రబ్బరు సీలు. సీలు అంచు కింద ఇసుక రవ్వ ఇరుక్కున్నా నూనె కారడం మొదలవుతుంది. అది జారి కింద డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు. అలా పడిపోయి మోచేతులు చీరుకుపోయినవాళ్లను చాలామందిని చూశాను. కొత్త సీలు వేయాలంటే చక్రం ఊడదీయాలి, ఫోర్కు దించాలి, నూనె వంపాలి. పూట పని. అందుకని ఆయన ముందు ఏదీ విప్పకుండానే ఒకటి చేసి చూసేవాడు. గొట్టం మూతి మీది రబ్బరు టోపీని పైకి లేపి, పలచటి ఫిల్ము ముక్కను పైపుకూ సీలుకూ మధ్య దూర్చి, చుట్టూ ఒక తిప్పు తిప్పేవాడు. ముక్క చివర కొక్కెంలా కత్తిరించి ఉండేది. దానికి చిక్కుకుని ఇసుక, నల్లటి మడ్డి బయటికొచ్చేవి. చాలా బండ్లకు కారడం అక్కడితో ఆగిపోయేది.

ఆ పనికి ఎక్స్‌రే ఫిల్మే కావాలి. సీసా ప్లాస్టిక్ మందం. అట్ట నూనెకు నానుతుంది. రేకు రబ్బరును కోసేస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము పలచగా దూరుతుంది, వంగి మళ్లీ లేస్తుంది. మా సందులో ప్రతి మెకానిక్ డబ్బాలో అలాంటి ముక్కలు ఉంటాయి. ఎవరి ఎముకలో ఎవరికీ తెలియదు.

కరోనా తగ్గిన తర్వాత ఆయనకు టీబీ వచ్చింది. మందుల కోర్సంతా ఒక్క పూట తప్పకుండా మింగాడు. చివరగా ఎక్స్‌రే తీసి దవాఖానలో తగ్గిపోయిందన్నారు. ఆ ఫిల్మును కవరుతో సహా తెచ్చి షెడ్డులో మేకుకు తగిలించాడు. వచ్చినవాళ్లకు తీసి చూపించేవాడు, లోపల సాఫ్ అయిపోయిందని. కొన్నాళ్లకు చూపించడం మానేశాడు. కవరు మీద దుమ్ము పట్టింది.

ఒకరోజు ఒక వకీలు గుమాస్తా బండి తెచ్చాడు. ఫోర్కు కారుతోంది, కోర్టు పిలిచేలోపు కావాలన్నాడు. డబ్బాలో ఉన్న ముక్కలన్నిటికీ కొసలు అరిగిపోయాయి. ఆయన అటూ ఇటూ చూసి మేకు మీది కవరు దించాడు. ఫిల్ము బయటికి తీసి కత్తెర పెట్టాడు.

"ఏమయ్యా, నీ ఛాతీనే కోస్తున్నవా?" అన్నాను.

"తగ్గిపోయినంక గిది దేనికే? ఫ్రేమ్ కట్టిచ్చి గోడకు పెడ్తవా?"

"గోడకు పెట్టాల్నంటె ముందుగాల నువ్వు పోవాలె కద."

గుమాస్తా పడి పడి నవ్వాడు. "అన్నా, నీ రోగం నా బండికి అంటియ్యకు."

"బండి దగ్గినప్పుడు తీస్కరా సార్, గప్పుడు సూద్దాం," అన్నాడు ఆయన. ఒక తిప్పులోనే మడ్డి బయటికొచ్చింది. గుమాస్తా సంతోషంగా వెళ్లిపోయాడు.

అలా కింది అంచు నుంచి మొదలైంది. అది మంచి ఫిల్ము అని సందులో పేరు వచ్చింది. "అన్నా, నీ పక్కటెముక ఒకటియ్యరాదు" అని అడిగేవాళ్లు. ఆయన కాదనేవాడు కాదు. తనది కాబట్టి ఇంకా దర్జాగా కోసి ఇచ్చేవాడు. కొన్ని నెలలకు కవరు ఖాళీ అయింది. అందులో నేను కరెంటు బిల్లులు పెట్టుకున్నాను.

పోయిన ఎండాకాలంలో ఆయనకు దగ్గు మళ్లీ వచ్చింది. కుడి భుజం లాగుతోందన్నాడు. రెంచీ బిగించేటప్పుడు పట్టేసిందేమోనని నేను నూనె రాసేదాన్ని. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం కొట్టుకున్నాడు, నాకు చెప్పకుండా. నేను చూశాక ఇక ఆగలేదు. అబిడ్స్‌లో మేడ మీద ఛాతీ డాక్టరమ్మ ఉంటే తీసుకుపోయాను. మెట్లెక్కుతూ ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడ మీది బోర్డులన్నీ చదివాడు. ఆయనకు చదవడం అంత ఇష్టమని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఊపిరి కోసం ఆగుతున్నాడు.

డాక్టరమ్మ అక్కడే ఎక్స్‌రే తీయించి, వెలుగొచ్చే పెట్టె మీద పెట్టింది. ఊపిరితిత్తి నల్లగా కనిపిస్తే మంచిదని మాకు టీబీ రోజుల నుంచే తెలుసు. కుడివైపు పైన, మెడ ఎముక కింద, ఆ నలుపులో తెల్లగా గుండ్రంగా ఒకటి ఉంది. రేగుపండంత.

"ఇది పాత టీబీ గాయం మానిన మచ్చ కావచ్చు. కొందరికి అలా ఉండిపోతుంది," అంది డాక్టరమ్మ. "టీబీ తగ్గాక తీసిన ఎక్స్‌రే మీ దగ్గర ఉందా? అందులో కూడా ఇదే చోట ఇంతే ఉంటే భయం లేదు. అందులో లేకపోతే మాత్రం ఇది కొత్తగా వచ్చినట్టు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆలస్యం చేయకూడదు."

"కొత్తదైతె ఏమైతది మేడం?" అన్నాడు ఆయన.

"క్యాన్సర్ అవునో కాదో తేల్చుకోవాలండీ. పాత ఎక్స్‌రే ఉందా మరి?"

"ఉన్నది మేడం." గొంతు సవరించుకున్నాడు. "జర ముక్కల్ల ఉన్నది."

"అంటే? చిరిగిందా?"

"చిరగలే. కోసిన."

"ఎందుకు కోశారు?"

"ఫోర్కు సీళ్లకు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. "మొత్తం అక్కర్లేదు. కుడివైపు పై ముక్క దొరికితే చాలు, తీసుకురండి," అంది. "దొరికినా దొరక్కపోయినా సోమవారం రండి. దొరక్కపోతే అదే రోజు సూది వేసేస్తాం. సోమవారం దాటొద్దు."

టీబీ దవాఖానకు పోయి అడిగాం. పాత ఫిల్ములు వాళ్లు దాచరట, మనిషికే ఇచ్చి పంపుతారట. అంటే ఆ మచ్చ కథ తెలిసిన ఫిల్ము లోకంలో ఒక్కటే ఉంది, అది మా సందులో మెకానిక్‌ల డబ్బాల్లో ఉంది.

మర్నాడు ఆయన షెడ్డు బయట నిలబడి అందరినీ పిలిచి చెప్పాడు. దాచలేదు. "నా ఛాతీ ముక్కలు ఎవని తాన ఉన్నయో తీయిన్రి. డాక్టర్ అడుగుతున్నది."

మధ్యాహ్నానికల్లా పనులన్నీ ఆగిపోయాయి. పంక్చర్ తమ్ముడు ఎక్కడిదో అద్దం పలక తెచ్చి రెండు స్టూళ్ల మీద పెట్టాడు. కింద ఫోన్ లైటు వెలిగించి పెట్టాడు. డబ్బాలు బోర్లించి, నట్ల మధ్య, స్ప్రింగుల మధ్య దొరికిన ముక్కలన్నీ తెచ్చి నాకు ఇస్తుంటే నేను సబ్బునీళ్లలో కడిగి తుడిచి ఇచ్చాను. వాళ్లు అద్దం మీద పేర్చారు.

"ఇగో, గిది అన్న గుండె."

"గుండె కాదురా, కడుపుల గ్యాసు గది."

"అరె, గిది అన్నది కాదు! ఎవరిదో మోకాలున్నది!"

"మోకాలు గూడ పెట్టున్రి, పక్కకు," అన్నాడు మా ఆయన. "డాక్టరమ్మ పరేషాన్ కావాలె."

సందంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుతూ మధ్యలో దగ్గాడు. దగ్గు ఆగేదాకా అందరూ ముక్కల వైపే చూస్తూ నిలబడ్డారు. నేను చాయ్ తేవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి చాచా కూడా తన డబ్బా తెచ్చి చూపించి వెళ్లిపోయాడని చెప్పారు.

"చాచా తాన ఏమన్న దొరికిందా?" అని అడిగాను.

"ఆయన తాన వేరేటోళ్లవి," అన్నాడు మా ఆయన.

అద్దం మీద ఆయన ఛాతీ సగానికి పైగా కూడింది. ఎడమవైపు దాదాపు అంతా ఉంది. కింది పక్కటెముకలు ఉన్నాయి. కుడివైపు పైన మాత్రం అరచేయంత ఖాళీ. ఆ ఖాళీలోంచి ఫోన్ లైటు నేరుగా కళ్లలో పడుతోంది.

ఆ సాయంత్రం నుంచి వెతుకులాట మొదలైంది. ఆ ముక్క గౌలిగూడలో ఒక సామాన్ల దుకాణందారుకు ఇచ్చినట్టు గుర్తుందన్నాడు మా ఆయన. పోయాం. ఆ దుకాణం ఆయన నవ్వి, "అన్నా, నా తాన సీళ్లు దొరుకుతయి గని ఊపిరితిత్తులు దొరకయి" అన్నాడు. మొజంజాహీ మార్కెట్ వెనక ఒక పాత మెకానిక్‌కు ఇచ్చి ఉంటానన్నాడు. అక్కడికీ పోయాం. అతను డబ్బా మొత్తం రోడ్డు మీద పోసి చూపించాడు. దొరకలేదు. తిరిగొస్తూ మా ఆయన మార్కెట్ దగ్గర నాకు మామిడిపండు ఐస్‌క్రీం తినిపించాడు. పెళ్లైన కొత్తలో తప్ప ఆయన నన్ను అక్కడికి తీసుకుపోలేదు. కప్పు చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, "నువ్వు చిన్నగ తిను, జల్ది ఏం లేదు" అన్నాడు. నాకు భయంగానే ఉంది కానీ, ఆయన ముఖం చూస్తే ఏదో పండగకు తిరుగుతున్నట్టు ఉంది. ఆ సంగతి అప్పుడు ఎందుకు పట్టించుకోలేదో నాకు తెలియదు.

సోమవారం వచ్చింది. "ఒక వకీలు బండి ఫోర్కు విప్పి పెట్టిన, నూనె వంపిన, ఎట్ల వదిలిపెట్టి రావాలె?" అన్నాడు. "ముక్క దొరికితె సూది అక్కర్లేదు కదనే. ఇంకో వారం చూద్దాం. ఛాతీల సూది పొడిస్తె గాలి పోతదంట, ఎవరో చెప్పిన్రు."

ఇంకో సోమవారం కూడా అలాగే పోయింది. డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే ఇంకో పేరు చెప్పేవాడు, ఫలానా అతనికి ఇచ్చి ఉంటానని. నేను నమ్మాను. ఫిల్ము కోస్తుంటే పక్కనే ఉన్నదాన్ని, కానీ ఎవరికి ఏ ముక్క పోయిందో నాకు మాత్రం ఏం గుర్తుంటుంది? పనీ తగ్గించలేదు. రోజూ ఫోర్కులు విప్పుతూనే ఉన్నాడు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేవాడు, పైపు మీద చెయ్యి పెట్టి, బండిని ఓదారుస్తున్నట్టు.

ఒక శుక్రవారం చాచా నమాజుకు పోయి వచ్చి షెడ్డు తెరుస్తున్నాడు. నేను రోడ్డు దాటి పోయాను.

"చాచా, నీ డబ్బాల మళ్లొకసారి చూడరాదు?"

"ఏం చూడాలె బేటీ?"

"గా కుడిపక్క ముక్క. మెడ కింది భాగం. ఇంకా దొరకలే."

చాచా తాళం చేతిలో పట్టుకుని నన్ను వింతగా చూశాడు. "గది అందరు ఎతికిన పహలే దినమే ఇచ్చిన కద. మూలకు ఆర్ అని అంగ్రేజీ అక్షరం ఉన్నది. నువ్వు చాయ్‌కి పోయినవ్ గప్పుడు. నీ మర్ద్ చేతిలనే పెట్టిన. పక్కకు పోయి లైటుకు పట్టి చూసుకున్నడు కూడ."

నేను రోడ్డు అవతల మా షెడ్డు వైపు చూశాను.

"తోబా తోబా," అన్నాడు చాచా నా ముఖం చూసి. "నేను చెప్పద్దుండెనా?"

మా షెడ్డులో ఆయన ఒక గొట్టంలో కొత్త సీలు కూర్చోబెడుతున్నాడు. కొత్త సీలు మీద పాత సీలును బోర్లించి, దాని మీద వెడల్పాటి పైపు పెట్టి, సుత్తితో చుట్టూ మెల్లగా కొడతారు. ఒక పక్కే కొడితే సీలు వంకరగా దిగుతుంది, మళ్లీ కారుతుంది.

"ఏమయ్యా, ముక్క చాచా ఇచ్చిండట కద."

సుత్తి ఆగింది. "ఏ ముక్క?"

"ఆర్ ఉన్నది."

ఆయన నా వైపు చూడలేదు. మళ్లీ మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. చుట్టూ తిరిగి, సీలు పూర్తిగా దిగేదాకా కొట్టాడు. లాకు రింగు వేశాడు. వేలితో దాని చుట్టూ తడిమి చూసుకున్నాడు. చేతులు తుడుచుకుని లేచి, గోడకున్న దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి ఆ ముక్క తీసి నాకు ఇచ్చాడు.

నేను బయటికి తెచ్చి ఆకాశానికి పట్టి చూశాను. నూనె మరకలు ఉన్నాయి, గీతలు ఉన్నాయి, అయినా కనిపిస్తోంది. మెడ ఎముక. దాని కింద ఒకదాని కింద ఒకటి పక్కటెముకలు. మూలకు అక్షరం. మధ్యలో అంతా నలుపు. ఎక్కడా తెలుపు లేదు.

"మచ్చ లేదు!" అన్నాను. నాకు నవ్వు కూడా వచ్చింది. "మచ్చ లేదయ్యా! సాఫ్ ఉన్నది! గింత మంచి మాట గోడెనక దాచిపెట్టినవా?"

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. చిన్నపిల్లకు ఏదో చెప్పాల్సి వచ్చినట్టు ఉంది ముఖం.

"గప్పుడు లేదే," అన్నాడు. "గిప్పుడున్నది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక విప్పి పెట్టిన చక్రం మీద కూర్చుండిపోయాను.

"మరి గిన్ని దినాలు ఏం వెతికినం మనం?"

"నువ్వు ముక్క కోసం వెతికినవ్. నేను నీ వెంబడి తిరిగిన."

"నన్ను గౌలిగూడ తిప్పినవ్. మార్కెట్ తిప్పినవ్. నాకు ఐస్‌క్రీం తినిపిచ్చినవ్!" చేతిలో ఉన్న నూనె గుడ్డ ఆయన మీదికి విసిరాను. "డాక్టరమ్మ సోమవారం దాటద్దన్నది. సోమవారం!"

గుడ్డ ఆయన ఛాతీకి తగిలి కింద పడింది. ఆయన వంగి తీసి, మడిచి, స్టూలు మీద పెట్టాడు. "సూదికి పోతె పేరు పెడ్తరే దానికి," అన్నాడు. "పేరు పెట్టేదాంక నేను మెకానిక్‌నే కద. జర గా నాలుగు దినాలు గట్లనే ఉందామనుకున్న."

"నాకు చెప్పాలె కద."

"నీకు చెప్తె నువ్వు గా దినమే గుంజుకపోదువు."

అది నిజం. గుంజుకుపోయేదాన్నే. సందులో ఎవరూ మా వైపు చూడడం లేదు. అందరూ తలలు వంచుకుని తమ తమ బండ్ల మీద పని చేస్తున్నట్టు నటిస్తున్నారు. ఎదురుగా చాచా తలుపు సగం తెరిచి అలాగే నిలబడి ఉన్నాడు.

మర్నాడే పోయాం. డాక్టరమ్మ ఆ ముక్కను కొత్త ఎక్స్‌రే పక్కన పెట్టి చూసింది. "ఇది ఎప్పుడు దొరికింది?" అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు. ఆమె సూదికి చీటీ రాసింది. సూది వేశారు. గాలి ఏమీ పోలేదు. మర్నాడే బీడు గొట్టంలా ఖణేల్‌మని ఉన్నానని చాచాకు చెప్పుకున్నాడు. కానీ రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, తలుపు వేసి చెప్పింది. క్యాన్సరే. పెద్ద స్కానింగు చేసి చూస్తే ఛాతీ మధ్యలో ఉండే గ్రంథుల దాకా పాకింది. ఆపరేషన్ చేసి తీసే దశ కాదు, మందులు ఎక్కిద్దాం అంది. పెద్ద క్యాన్సర్ దవాఖానకు కాగితం రాసిచ్చింది.

మందులు ఎక్కించిన రోజుల్లో షెడ్డు నేను నడిపాను. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. మొదటిసారి నేను కొట్టిన సీలు వంకరగా దిగింది. రెండు రోజులకే ఆ బండి కారుతూ తిరిగొచ్చింది. బండి యజమాని ముందే ఆయన అన్నాడు, "నీకు కోపం ఎక్కువున్నది. ఒక్క పక్కనే కొడ్తున్నవ్." నేను ఆ యజమాని ముందే జవాబు చెప్పాను, "ఎవని మీదనో నీకు తెల్వదా?" యజమానికి ఏం అర్థమైందో గానీ, సాయంత్రం వస్తానని చెప్పి జారుకున్నాడు. నేను మళ్లీ అంతా విప్పి కొత్త సీలు వేశాను. ఆయన చెయ్యి పెట్టలేదు. చుట్టూ కొట్టు, చుట్టూ కొట్టు అని మాత్రం అంటూ ఉన్నాడు. ఈసారి కారలేదు.

జుట్టు ఊడిపోయాక సందులో వాళ్లు ఆయనను కొత్త పేర్లతో పిలిచారు. ఆయన కూడా తిరిగి పిలిచాడు. కొన్నాళ్లకు స్టూలు మీద కూర్చునే బలం కూడా పోయింది. చలికాలంలో దవాఖానలో చేర్చాం. ఇక ఇంటికి రాలేదు.

ఆయన పోయే ముందు వారంలో, ఒక మధ్యాహ్నం, సందర్శకుల వేళ. పక్క మంచం వాళ్ల బంధువులు వచ్చి పండ్లు కోస్తున్నారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాను.

"ఏమే," అన్నాడు కళ్లు తెరవకుండానే. "గా మొదటి సోమవారమే పోయుంటె బతికెటోన్నా?"

నేను చాలాసార్లు ఇదే అడగాలనుకున్నాను, ఎవరినైనా. "ఏమో," అన్నాను.

"ఏమో అంటె?"

"ఏమో అంటె ఏమో."

నవ్వాడు, దగ్గు వచ్చింది. నీళ్లు తాగించాను. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఊపిరి కాస్త నిమ్మళంగా నడిచాక, నేను మెల్లగా లేచి కిందికి పోయాను. కింద డ్యూటీలో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. ఆయన కేసు కాగితాలు అతని ముందే ఉన్నాయి. అడిగాను. సోమవారాల గురించి, వెతికిన రోజుల గురించి, అంతా చెప్పి అడిగాను. ఎవరికైనా మొత్తం చెప్పడం అదే మొదటిసారి. అతను కాగితాలు వెనక్కి తిప్పి తేదీలు చూశాడు. "చెప్పలేమమ్మా," అన్నాడు. "ఆ కొన్ని వారాల్లో పాకి ఉండొచ్చు. అప్పటికే పాకి కూడా ఉండొచ్చు. ఎవరూ చెప్పలేరు."

నేను అక్కడే కాసేపు నిలబడ్డాను. ఇంకేదైనా అంటాడేమోనని చూశాను. అతను ఇంకో మనిషిని పిలిచాడు.

నాకు ఆయన మీద కోపం పోలేదు. ఇది రాస్తే పోతుందేమో అనుకున్నాను, పోలేదు. పాకి ఉండొచ్చు అన్న మాటను ఒక రోజు నమ్ముతాను, అప్పటికే పాకి ఉండొచ్చు అన్న మాటను ఇంకో రోజు నమ్ముతాను.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఆయన మేలుకుని ఉన్నాడు. ఎక్కడికి పోయానో అడగలేదు. నా ముఖం మాత్రం చూశాడు, చాలాసేపు. తర్వాత మోచేతుల మీద ఆనుకుని, ఎంతో కష్టపడి, గోడ వైపుకు కొంచెం జరిగాడు. మంచం మీద నాకు చోటైంది. నేను కూర్చున్నాను.